ఖరీదైన గేర్డ్ హెడ్ కొనాలా? మీ బాల్ హెడ్ ఎక్కడ ఇబ్బంది పెడుతోందో ముందు చూసుకోండి

మీరు అడిగింది ఇదీ. ఇళ్ల లోపలి ఫొటోలు, భవనాలు తీస్తారు. అప్పుడప్పుడు చిత్రకారుల పెయింటింగులు కాపీ తీసి ఇస్తారు. చేతిలో మంచి బాల్ హెడ్ ఉంది, అంటే ట్రైపాడ్ మీద కెమెరాను పట్టుకునే, గోళంలా అన్ని వైపులకూ తిరిగే భాగం. ఇప్పుడు ఆర్కా-స్విస్ కంపెనీ క్యూబ్ లాంటి గేర్డ్ హెడ్ (నాబ్‌లు తిప్పి కెమెరాను ఒక్కో దిశలో మెల్లగా వంచే హెడ్) మీద మనసు పడింది. ట్రైపాడ్ మీద పెట్టే ఒక్క పరికరానికి కెమెరా బాడీ అంత డబ్బు పెడితే ఫొటోలో తేడా కనిపిస్తుందా, లేక ఇది మోజు మాత్రమేనా అన్నది మీ సందేహం.

జవాబు ముందే చెప్పేస్తాను. మీరు చేసే పనికి గేర్డ్ హెడ్ కావాలి. క్యూబ్ స్థాయిదే కావాలా అన్నది మాత్రం వేరే ప్రశ్న. మీరు నెలలో ఎన్ని రోజులు ఈ పని చేస్తారు, దాని కింద ఎలాంటి ట్రైపాడ్ కాళ్లు ఉన్నాయి అన్నవి తెలిస్తేనే దానికి జవాబు దొరుకుతుంది. చాలామంది ఈ రెండు ప్రశ్నలనూ కలిపేసి ఆలోచిస్తారు. డబ్బు వృథా అయ్యేది అక్కడే.

నేను చాలా ఏళ్లుగా ఇంటీరియర్లు తీస్తున్నాను. అందులో మొదటి ఆరేళ్లు బాల్ హెడ్‌తోనే గడిచాయి. ఆ రోజుల్లో తీసిన ఫొటోలు ఇప్పుడు చూసినా పదునులో ఏ లోటూ కనిపించదు. ఇది మీరు ముందు గుర్తుపెట్టుకోవాలి. గట్టిగా బిగించిన బాల్ హెడ్ మీద వచ్చే పదునే గేర్డ్ హెడ్ మీదా వస్తుంది. తేడా ఉన్నది ఫ్రేమ్ కుదిర్చే పనిలో.

బాల్ హెడ్ నాబ్ వదులు చేస్తే కెమెరా అన్ని వైపులకూ ఒకేసారి వదులవుతుంది. గోడ నిలువు గీత సరిచేద్దామని కొంచెం వెనక్కి వంచుతారు, ఈలోగా హొరైజన్ పక్కకు ఒరుగుతుంది. దాన్ని సరిచేస్తే నిలువు గీత మళ్లీ పోతుంది. రెండూ కుదిరాయి అనుకుని నాబ్ బిగిస్తే, లెన్స్ బరువుకి ముక్కు ఒక పిసరు కిందికి దిగుతుంది. అందుకని అలవాటుపడ్డ చేయి ముందే కొంచెం పైకి గురిపెట్టి బిగిస్తుంది. చెట్టునో కొండనో తీసేటప్పుడు ఇదంతా పట్టించుకోనక్కర్లేదు. తలుపు చట్రాలు, కిటికీలు, బీరువా అంచులు నిండిన గదిలో మాత్రం ప్రతి ఫ్రేముకూ ఇదే కుస్తీ.

గేర్డ్ హెడ్‌లో ఒక్కో దిశకు ఒక్కో నాబ్ ఉంటుంది. ముందుకీ వెనక్కీ వంచే నాబ్ తిప్పితే పక్క వాలు కదలదు. పక్క వాలు సరిచేస్తే ముందు సరిచేసింది చెడదు. లోపల ఉండేది వార్మ్ గేర్. మరలాంటి ఇరుసు తిరిగితే పళ్ల చక్రం కదులుతుంది కానీ, చక్రాన్ని ఎంత నొక్కినా ఇరుసు తిరగదు. అందుకే నాబ్ వదిలేసిన చోటే కెమెరా ఆగుతుంది. బిగించే పనే లేదు కాబట్టి బిగించేటప్పుడు జారడమూ లేదు. ఈ హెడ్‌కి మీరు డబ్బు కట్టేది ఈ ఒక్క గుణానికే.

దీని విలువ ఎంతో లెక్కలో చూద్దాం. ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 24 మి.మీ. లెన్స్ అనుకోండి. కెమెరా ఒక్క డిగ్రీ పైకి వంగితే ఫ్రేమ్ అంచున ఉన్న నిలువు గీత దాదాపు ముప్పావు డిగ్రీ లోపలికి వాలుతుంది. 6000 × 4000 పిక్సెళ్ల ఫొటోలో ఆ గీత కింది నుంచి పైకి వెళ్లేసరికి సుమారు 50 పిక్సెళ్లు పక్కకు జరుగుతుంది. ఫోన్‌లో చూస్తే తెలియదు. పెద్ద ప్రింట్‌లో, అందులోనూ అంచుకు ఆనుకుని తలుపు చట్రం ఉంటే, కంటికి వెంటనే తగులుతుంది. చిన్న రసమట్టం బుడగను చూసి ఒక డిగ్రీలోపు సరిచేయడం బాల్ హెడ్‌తో కూడా కుదురుతుంది. అంతకన్నా నిక్కచ్చిగా కుదర్చాలంటేనే చేయి సరిపోదు.

ఇక్కడ మీరు అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. ఆ 50 పిక్సెళ్లు సాఫ్ట్‌వేర్‌లో సరిచేయలేమా? చేయొచ్చు, హాయిగా చేయొచ్చు. డిగ్రీ, రెండు డిగ్రీల తప్పు సరిచేస్తే అంచులు కాస్త కత్తిరింపులో పోతాయి, పైభాగం పిక్సెళ్లు కొంచెం సాగుతాయి, అంతే. చూసేవారికి ఎవరికీ తెలియదు. ఈ మాట ఒప్పుకోకుండా గేర్డ్ హెడ్ గురించి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. నెలకు రెండు గదులు తీసేవారికి సాఫ్ట్‌వేరే చాలు.

సాఫ్ట్‌వేర్ ఆదుకోని చోట్లు కొన్ని ఉన్నాయి, వాటిలో మొదటిది షిఫ్ట్ లెన్సు. మీ దగ్గర కానన్ టీఎస్-ఈ 17 మి.మీ., 24 మి.మీ. లాంటిది ఉన్నా, ముందుముందు కొనే ఆలోచన ఉన్నా ఇది బాగా ఆలోచించండి. ఆ లెన్స్ 12 మి.మీ. దాకా పైకి జరుగుతుంది. కెమెరా వంచకుండా భవనం పైభాగం ఫ్రేమ్‌లోకి తేవడానికే దాన్ని కొంటాం. కెమెరా వెనుక భాగం నిట్టనిలువుగా ఉంటేనే ఆ లాభం. లెన్స్‌కి అంత డబ్బు పోసి, కెమెరాను అర డిగ్రీ వంపుతో పెట్టి, తర్వాత కంప్యూటర్లో గీతలు లాగితే కొన్న ప్రయోజనంలో కొంత అక్కడే పోయినట్టు. షిఫ్ట్ లెన్స్ వాడేవారికి గేర్డ్ హెడ్ విలాసం కాదని గట్టిగా చెబుతాను.

రెండోది మీ పెయింటింగుల పని. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి.

60 సెం.మీ. వెడల్పున్న బొమ్మను మీటరు దూరం నుంచి తీస్తున్నారనుకుందాం. కెమెరా పక్కకు ఒక్క డిగ్రీ తిరిగి ఉంటే, ఒక అంచు కన్నా రెండో అంచు సుమారు ఒక సెంటీమీటరు దూరం అయినట్టు. అంటే బొమ్మ ఎడమ అంచు ఎత్తుకీ కుడి అంచు ఎత్తుకీ దాదాపు ఒక శాతం తేడా. ఫ్రేమ్ నిండా తీస్తే అది 40 పిక్సెళ్ల దగ్గర. దీర్ఘచతురస్రం కాస్తా పక్కకు సన్నబడుతుంది. చిత్రకారుడు తన బొమ్మను రోజూ చూస్తాడు కాబట్టి ఆయన పట్టేస్తాడు. దీన్నీ సాఫ్ట్‌వేర్‌లో నాలుగు మూలలు లాగి సరిచేయొచ్చు. కానీ అప్పుడు బొమ్మ అసలు నిష్పత్తి ఎంతో మీరు విడిగా కొలిచి పెట్టుకోవాలి. లేకపోతే ఊహించి లాగినట్టే. చేత్తో చేసిన చట్రాలు, బిగించిన కాన్వాసులు అన్నీ సరైన దీర్ఘచతురస్రాలు కావు. వంకర బొమ్మదో, కెమెరాదో తర్వాత ఎలా చెబుతారు?

దీనికి పాత పద్ధతి ఒకటి ఉంది, అద్దం పద్ధతి. చిన్న చదును అద్దాన్ని బొమ్మ వేలాడే తలానికి ఆనించి పెట్టండి. కెమెరాలోంచి అద్దంలో మీ లెన్స్ ప్రతిబింబం కనిపిస్తుంది. ఆ లెన్స్ నడిబొడ్డు సరిగ్గా ఫ్రేమ్ మధ్యలో పడితే కెమెరా బొమ్మకు సూటిగా ఉన్నట్టే. ఫోకస్ అద్దం మీద కాదు, అద్దంలోని లెన్స్ మీద పెట్టాలి, అది రెట్టింపు దూరంలో ఉంటుంది. 50 మి.మీ. లెన్స్‌తో ఒక డిగ్రీ తప్పు ఉంటే ప్రతిబింబం మధ్య నుంచి దాదాపు 145 పిక్సెళ్లు పక్కకు కనిపిస్తుంది. పదో వంతు డిగ్రీ తప్పైనా 14 పిక్సెళ్లు, అంటే లైవ్ వ్యూ (కెమెరా తెర మీద కనిపించే దృశ్యం) పెద్దది చేసి చూస్తే తెలిసిపోతుంది. ఏ రసమట్టం బుడగా ఇంత నిక్కచ్చిగా చెప్పదు.

తప్పు అంత స్పష్టంగా కనిపించాక దాన్ని సరిచేసే చేయి కూడా అంత సున్నితంగా ఉండాలి. బాల్ హెడ్‌తో నేను ఈ పని చేశాను. పెద్ద బొమ్మల వరుస ఒకటి కాపీ తీయాల్సి వచ్చింది. ఒక్కో సైజుకి కెమెరా సెటప్ మారుతుంది. ప్రతిసారీ ప్రతిబింబాన్ని మధ్యకు తేవడానికి పదేసి నిమిషాలు పట్టింది, నాబ్ బిగించగానే అది మళ్లీ పక్కకు జరిగేది. ఆ రోజు సాయంత్రానికి తీయాల్సిన వాటిలో సగమే అయ్యాయి, మిగతావి మర్నాటికి పడ్డాయి. గేర్డ్ హెడ్‌తో అదే పని ఇప్పుడు నిమిషం, నిమిషంన్నర. రెండు నాబులు, రెండు దిశలు, తిప్పడం ఆపగానే అయిపోతుంది. ఒక జాగ్రత్త ఉంది. సూటిగా కుదిరాక బొమ్మ ఫ్రేమ్ మధ్యలో లేకపోతే హెడ్ ముట్టుకోకండి. ట్రైపాడ్‌నే జరపండి, ఎత్తు కాళ్లతో మార్చండి, మార్చాక అద్దంతో మరోసారి సరిచూసుకోండి.

పాత ఫిల్మ్ నెగటివ్‌లను కెమెరాతో స్కాన్ చేసే ఆలోచన కూడా ఉంటే, పదునుకు తేడా పడే చోటు అదొక్కటే. మీటరు దూరంలో ఒక సెంటీమీటరు తేడాను ఎఫ్/8 (లెన్స్ రంధ్రాన్ని కాస్త చిన్నది చేసే సెట్టింగు) సులువుగా మింగేస్తుంది. ఒకటికి ఒకటి నిష్పత్తిలో (వస్తువు సెన్సర్ మీద అసలు సైజులోనే పడేంత దగ్గరగా తీసే మాక్రోలో), పిక్సెల్ స్థాయి పదును కావాలంటే ఎఫ్/8 దగ్గర ఫోకస్‌లో ఉండే లోతు సుమారు 0.2 మి.మీ. మాత్రమే. 36 మి.మీ. వెడల్పు నెగటివ్ ఒక్క డిగ్రీ వంగితే అంచుల మధ్య తేడా 0.6 మి.మీ. దాటుతుంది, అంచులు మసకబారుతాయి. అయితే ఈ పనికి కాపీ స్టాండ్ (కెమెరాను కిందికి చూసేలా పట్టుకునే స్తంభం) ఉంటే నెగటివ్ పెట్టే పీట కింద ఒక పక్క పల్చటి అట్టముక్క పెట్టి కూడా సరిచేసుకోవచ్చు.

ఇప్పుడు కాళ్ల సంగతి. ఇది అసలు అన్నిటికన్నా ముందే చెప్పాల్సింది. నేను మొదటిసారి ఖరీదైన గేర్డ్ హెడ్‌ను ఒక మిత్రుడి దగ్గర అరువు తెచ్చుకుని నా పాత సన్న కాళ్ల ట్రైపాడ్ మీద బిగించాను. నాబ్ తిప్పితే బొమ్మ ఎంత సున్నితంగా కదిలిందో, నాబ్ నుంచి చేయి తీయగానే అంత వణికింది. మూడు సెకన్లు ఆగితే గానీ నిలబడలేదు. హెడ్‌లో లోపమేమీ లేదు, వణికింది కాళ్లు. మీరు డబ్బు కట్టకముందే ఇప్పుడున్న సెటప్‌తో ఈ పరీక్ష చేయండి. లైవ్ వ్యూ పదింతలు పెద్దది చేసి దూరంగా ఉన్న ఒక గీత మీద పెట్టండి. లెన్స్‌ను వేలితో చిన్నగా తట్టి, గీత కదలడం ఎంతసేపటికి ఆగిందో చూడండి. తర్వాత కెమెరాను రెండు చేతులతో పట్టుకుని మెల్లగా మెలితిప్పినట్టు ఒత్తిడి పెట్టండి. ఎక్కడ వంగుతోందో కంటితో వెతకండి. కెమెరా అడుగున బిగించే ప్లేట్ దగ్గరా, హెడ్ దగ్గరా, పైకి లేపిన మధ్య కడ్డీ దగ్గరా, కాళ్ల కీళ్ల దగ్గరా? వంగేది కాళ్లూ కడ్డీ అయితే ముందు ఆ డబ్బు కాళ్లకు పెట్టండి. హెడ్ ఆరు నెలలు ఆగినా ఏమీ కాదు.

ఎల్-బ్రాకెట్ (కెమెరాను అడ్డంగానైనా నిలువుగానైనా హెడ్ మీద బిగించనిచ్చే ఎల్ ఆకారపు ప్లేట్) లేకపోతే అది కూడా ముందే కొనండి. గేర్డ్ హెడ్‌లలో చాలావాటిని నిలువు ఫ్రేము కోసం పక్కకు 90 డిగ్రీలు వంచడం ఇబ్బంది, కొన్నిటిలో కుదరదు కూడా. కుదిరినా బరువంతా ఒక పక్కకు వేలాడుతుంది. ఎల్-బ్రాకెట్ ఉంటే కెమెరా ఎప్పుడూ హెడ్ నడుమనే కూర్చుంటుంది.

ఇక ఏది కొనాలి. మాన్‌ఫ్రాటో 410 ఎన్నో ఏళ్లుగా ఈ రంగంలో పనిగుర్రం. బరువు 1.2 కిలోల పైనే, మోసే బరువు 5 కిలోలని కంపెనీ చెబుతుంది. నాబ్ దగ్గరి కాలర్ మెలితిప్పితే గేర్ విడిపోతుంది. చేత్తో చకచకా దగ్గరికి తెచ్చుకుని, వదిలేసి, మిగతాది నాబ్‌తో కుదుర్చుకోవచ్చు. రోజువారీ పనిలో ఇది గొప్ప సౌకర్యం. దాని ప్లేట్ మాత్రం సొంత రకం. ఎల్-బ్రాకెట్ వాడాలంటే పైన ఆర్కా రకం క్లాంప్ (చాలా కంపెనీల ప్లేట్లను పట్టే బిగింపు) విడిగా బిగించుకోవాలి. వాళ్లదే ఎక్స్‌ప్రో గేర్డ్ హెడ్ 750 గ్రాములే, మోసేది 4 కిలోలు. తేలిక కావాలనుకునేవారికి బాగుంటుంది, బరువైన షిఫ్ట్ లెన్స్‌కి నేను దాన్ని ఎంచుకోను. బెన్రో, సన్‌వేఫోటో, లియోఫోటో కూడా గేర్డ్ హెడ్‌లు చేస్తున్నాయి, ఆర్కా రకం క్లాంప్‌తోనే వస్తాయి. మీ పనిలో ఎక్కువ భాగం ఈ మధ్య తరగతి హెడ్‌లతోనే జరిగిపోతుంది.

కంపెనీలు చెప్పే కిలోల లెక్క మీద మరీ ఆధారపడకండి. ఒక్కొక్కరు ఒక్కోలా కొలుస్తారు. హెడ్‌ను కష్టపెట్టేది బరువొక్కటే కాదు, ఆ బరువు ఇరుసు నుంచి ఎంత దూరంలో వేలాడుతోందన్నది కూడా. రెండు కిలోల కెమెరా నడుమన కూర్చుంటే హాయిగా మోసే హెడ్, అదే రెండు కిలోల బరువు 20 సెం.మీ. ముందుకు సాగితే మూలగడం మొదలుపెడుతుంది.

మరి క్యూబ్ అదనంగా ఏమిస్తుంది? మూడు విషయాలు చెబుతాను. మొదటిది, దాని కదలిక వంపు పట్టాల మీద జరుగుతుంది, తిరిగే కేంద్రం ప్లేట్ కన్నా పైన, కెమెరా ఉండే చోట పడుతుంది. మామూలు గేర్డ్ హెడ్‌లో ఇరుసు కింద ఉంటుంది. లెన్స్ దానికి 10 సెం.మీ. పైన ఉందనుకుంటే ఒక్క డిగ్రీ వంచినప్పుడు లెన్స్ 1.7 మి.మీ. ముందుకో పక్కకో జరుగుతుంది. భవనాలకు ఇది లెక్కలోకి రాదు. ఒకటికి ఒకటి మాక్రోలో ఫోకస్ మొత్తం పోతుంది. రెండోది, దానికి అడుగునా పైనా రెండు చోట్లా గుండ్రంగా తిరిగే పాన్ ఉంటుంది. పనోరమా తీసేవారు ఇది జాగ్రత్తగా వినాలి. పాన్ అడుగున మాత్రమే ఉన్న హెడ్‌లో మీరు కెమెరాను మట్టం చేసినా, తిరిగే పీట మట్టంగా ఉండదు. కొంచెం తిప్పగానే హొరైజన్ ఒరిగిపోతుంది. వంచే గేర్ల పైన పాన్ ఉంటేనే ఒకసారి మట్టం చేసి చుట్టూ తిప్పగలం. ఇందుకోసమే క్యూబ్ కొననక్కర్లేదు, మధ్య తరగతి హెడ్ మీద పానింగ్ క్లాంప్ బిగిస్తే అదే పని జరుగుతుంది. మూడోది, నాబ్ చేతిలో తిరిగే తీరు. లూజు లేదు, కుదుపు లేదు. రోజంతా అదే పని చేసే చేతికి ఇది నిజంగా విలువైనది.

దానికీ పరిమితులున్నాయి. పట్టాల మీది కదలిక రెండు వైపులా ముప్పై డిగ్రీల లోపే. గేర్ విడదీసి చేత్తో జరిపే వీలు లేదు, అంత దూరమూ నాబ్ తిప్పుతూ వెళ్లాల్సిందే. నిదానంగా కుదుర్చుకునే పనికి చేసిన పరికరం అది. పక్షులకైతే గింబల్, వీడియోకైతే ఫ్లూయిడ్ హెడ్ వేరే ఉన్నాయి, పరుగెత్తే పిల్లలకు ట్రైపాడే వద్దు. కొండలెక్కేవారు కిలో బరువు అదనంగా మోయడం కన్నా బాల్ హెడ్‌తోనే సుఖపడతారు. ఇసుక, ఉప్పుగాలి దగ్గర కూడా నేను గేర్డ్ హెడ్ బయటికి తీయను, పళ్ల మధ్య చేరిన రేణువు తేలిగ్గా వదలదు.

కాబట్టి మీ విషయంలో నేనైతే ఈ దారిలో వెళ్తాను. కాళ్ల పరీక్ష చేసి, అవసరమైతే కాళ్లు మారుస్తాను. ఎల్-బ్రాకెట్ కొంటాను. తర్వాత 410 లాంటిదో, ఆర్కా క్లాంప్ ఉన్న మధ్య తరగతిదో ఒకటి తెచ్చుకుని ఆరు నెలలు పని చేస్తాను. ఆ ఆరు నెలల్లో ఏది విసిగించిందో కాగితం మీద రాసిపెట్టుకుంటాను. నాబ్‌లో లూజు, మాక్రోలో ఫోకస్ జారడం, పనోరమాలో మట్టం పోవడం లాంటివి పదే పదే ఎదురైతే అప్పుడు క్యూబ్‌ను ఒక పని రోజుకు అద్దెకు తెచ్చి, నిజమైన పని మీదే వాడి చూస్తాను. వారంలో మూడు నాలుగు రోజులు ఇదే పనిలో ఉంటే కొనేయండి, వెనకాడకండి. మంచి స్థితిలో ఉంచుకుంటే తర్వాత అమ్ముకోవచ్చు కూడా. నెలకు రెండు మూడు రోజులే అయితే ఆ డబ్బు షిఫ్ట్ లెన్స్‌కో లైట్లకో పెట్టండి, మీ ఫొటోల్లో ఆ తేడా ఎక్కువ కనిపిస్తుంది.

కొత్తదైనా పాతదైనా, ఇంటికి రాగానే గేర్ లూజు చూడండి. మీ దగ్గరున్న పొడవైన లెన్స్ పెట్టి, లైవ్ వ్యూ పదింతలు చేసి, దూరపు గీత ఒకదాన్ని స్క్రీన్ మధ్యకు తెచ్చుకోండి. నాబ్‌ను ఒక వైపు పావు చుట్టు తిప్పి, వెనక్కి తిప్పడం మొదలుపెట్టండి. నాబ్ తిరుగుతున్నా గీత కదలని ఆ కొంచెం మేరే లూజు. కాస్త ఉండటం మామూలే. అలవాటు ఒకటి చేసుకుంటే అది ఇబ్బంది పెట్టదు. ఎప్పుడూ కెమెరా ముక్కు పైకి లేచే దిశలో తిప్పుతూ ఆపండి, అప్పుడు బరువే పళ్లను ఒక పక్కకు ఆనించి పట్టుకుంటుంది. ఆ తర్వాత లెన్స్ చివరను వేలితో మెల్లగా పైకి నెట్టి వదలండి. గీత తిరిగి అదే చోటికి రావాలి. టక్కుమని జరిగి ఇంకో చోట ఆగితే, అలా రెండు మూడుసార్లు జరిగితే, రిటర్న్ గడువు దాటకముందే వెనక్కి పంపేయండి.